మరదలి పూత, బావగారి గీత

చైత్రమాసంలో ఒకనాడు ఏత్వారి తెల్లారకముందే ఇప్పపూల బుట్ట చంకనెత్తుకుని అడవికి వెళ్ళింది. పొద్దెక్కేసరికి బుట్ట ఒకరి నెత్తిన, ఆవిడ మరొకరి భుజం మీద వాలి ఇంటికొచ్చారు. తడిరాయి మీద కాలు జారి కుడి మణికట్టు విరిగింది. వాకిట్లో నాగలికి మేడి బిగిస్తున్న ఆవిడ మొగుడు ఝమన్ మహతో చేతిలో పని అక్కడే పారేసి ఎదురు పరిగెత్తాడు.

"ఎలా పడ్డావే?"

"ఎలా పడితేనేం, పడ్డాను కదా. అది కాదయ్యా, రుక్ని ఖోవర్ ఎవరు గీస్తారిప్పుడు?"

"చెయ్యి ఊడి వేళ్ళాడుతోంటే గోడ గురించి ఏడుస్తావేంటే, రుక్ని అమ్మా!" అని కసిరాడు గానీ, ఝమన్ గుండెలోనూ అదే రాయి పడింది. రుక్ని వాళ్ళ ముగ్గురు ఆడపిల్లల్లో ఆఖరిది. వైశాఖంలో పెళ్ళి. కొత్త దంపతులు మొదటి రాత్రి గడిపే గదిని ఖోవర్ అంటారు. పిల్ల తల్లి ఆ గది గోడల మీద స్వయంగా బొమ్మలు గీయాలి. ఆ గీతలు లేకపోతే వాళ్ళ ఊరు కుసుమ్‌టాండ్‌లో దాన్ని పెళ్ళని ఎవరూ అనరు. పైగా ఏత్వారి చెయ్యంటే ఆ చుట్టుపక్కల పేరున్న చెయ్యి. పెద్ద కూతుళ్ళిద్దరి ఖోవర్లు చూడ్డానికి కొండ అవతలి ఊళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు నడిచొచ్చారు.

హజారీబాగ్ ఆసుపత్రిలో డాక్టరు పిండికట్టు వేసి, ఆరు వారాలు కదపొద్దన్నాడు. పెళ్ళి అయిదు వారాల్లో ఉంది.

నిజానికి ఆ గోడలు ఏత్వారి ఒక్కతే చేసేది కాదు. పూత జిర్వాది, గీత ఏత్వారిది. జిర్వా ఆవిడ తోడికోడలు, ఝమన్ తమ్ముడి పెళ్ళాం. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. తమ్ముడు బొగ్గు గనిలో పని చేస్తూ నెలకోసారి ఇంటికొస్తాడు. ముందు గోడంతా నల్లమట్టి అలికి ఎండనిస్తారు. ఆ తర్వాత జిర్వా గుడ్డపేలిక తెల్లమట్టిలో ముంచి పైన పూత వేస్తూ పోతుంటే, వెనకాలే ఏత్వారి విరిగిన దువ్వెన ముక్కతో గీరుకుంటూ వచ్చేది. తెలుపు చీలి, అడుగునున్న నలుపు నాలుగేసి గీతలుగా పైకి తేలేది. నెమళ్ళు, చేపలు, ఏనుగులు, తీగలు. అంతా తడి ఆరకముందే అయిపోవాలి. ఆరాక దువ్వెన పెడితే పొడి రాలుతుందే గానీ గీత పడదు.

ఈ జిర్వాకీ ఝమన్‌కీ మధ్య ఇరవై ఆరేళ్ళుగా ఒక్క మాట లేదు. పగేమీ కాదు, మర్యాద. తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదుట పడకూడదు, పేరెత్తకూడదు, పలకరించకూడదు. ఆయన నీడ తగిలినా తలస్నానం చేయాలి. కానీ ఒకే వాకిట్లో ఉన్నాక చెప్పాల్సినవి ఉంటాయి గదా. అందుకని జిర్వా తన మేకతో చెప్పేది. "మేకా, మేకా, ఎవరో మహానుభావులు బావి దగ్గర బురద కాళ్ళతో తిరిగారే. కడిగేది నేనా, నువ్వా?" అనేది. ఝమన్ దూలం కేసి చూసి, "ఈ ఇంట్లో మేకలకి నోరెక్కువైంది" అనేవాడు. అంతటితో ఇద్దరికీ సంగతి అందేది. ఇన్నేళ్ళలో మేకలు మారాయి గానీ పద్ధతి మారలేదు.

వైశాఖం వచ్చింది. ఆ లగ్నానికి ఊళ్ళోనే మూడు పెళ్ళిళ్ళు. గీత తెలిసిన ప్రతి చెయ్యీ అప్పటికే ఎవరో ఒకరి గోడ మీద ఉంది. వస్తామని మాటిచ్చిన ఇద్దరిలో ఒకావిడ కూతురికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. రెండో ఆవిడని వియ్యపురాలు బండి పంపించి మరీ తీసుకుపోయింది. పెళ్ళికూతురు తన ఖోవర్ తాను గీసుకోకూడదు. రుక్నికి అప్పటికే పసుపు రాశారు కూడా.

ఏత్వారి ఎడమ చేత్తో గొడ్లసావిడి గోడ మీద గీసి చూసింది. కోడి కెలికినట్టొచ్చింది. జిర్వా తానే పూత పూసి, తానే గీద్దామని కొట్టు గోడ మీద జానెడు మేర ప్రయత్నించింది. పేలిక వదిలి, చెయ్యి తుడుచుకుని, దువ్వెన అందుకునేలోపే వడగాలికి పూత బిగిసిపోయింది. గీస్తే తెల్లపొడి రాలి ఆవిడ ముక్కులో దూరింది. తుమ్ముల మీద తుమ్ములు.

"అక్కా, నా వల్ల కాదు. నాకున్నది రెండు చేతులే."

పెళ్ళి మూడు రోజుల్లోకి వచ్చింది. నల్లమట్టి అలికిన గోడలు గదిలో ఖాళీగా, చీకటిగా నిలబడి ఉన్నాయి. మధ్యాహ్నం ఝమన్ సత్తుపిండి ఉల్లిపాయతో కలుపుకు తింటోంటే, ఎదురుగా మంచం మీద కూర్చున్న ఏత్వారి చాలాసేపు అతని చేతుల కేసే చూసింది.

"ఏంటే, అలా చూస్తావు?"

"నువ్వు గీయి."

సత్తుపిండి ఝమన్‌కి కొరబోయింది. నీళ్ళు తాగి తేరుకుని, "పిచ్చిగానీ పట్టిందా? మగాడు ఖోవర్ గీస్తాడా ఎక్కడైనా!" అన్నాడు.

"నీ దుక్కి ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. చాలు ఎక్కడా వంకర పోదు. గొర్రుకీ పళ్ళే, దువ్వెనకీ పళ్ళే. చేలో గీసేవాడివి గోడ మీద గీయలేవా?"

"ఊళ్ళో తలెత్తుకు తిరగాలా వద్దా నేను?"

"ఊరికి ఎవరు చెప్తారు? నేను చెప్పను. జిర్వా నీ పేరే ఎత్తదు. ఇక మిగిలింది మేక. అది నోరు విప్పిన నాడు చూసుకుందాం."

ఝమన్ లేచి చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వెళ్ళాడు. కాసేపటికి అతనే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు. "దువ్వెన ఎలా పట్టుకోవాలి?"

మర్నాడు తెల్లారగానే తంటా మొదలైంది. పూసేది మరదలు, గీసేది బావగారు, గది చూస్తే పది మంది పట్టనిది. ఇద్దరూ ఒకరికొకరు కనబడకూడదు. గదికి రెండు ద్వారాలున్నాయి. ఒకటి వసారాలోకి, ఒకటి వంటింట్లోకి. ఏత్వారి నులకమంచం గది మధ్యలో వేయించుకుని, పిండికట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రైలు గేటువాడిలా కూర్చుంది. జిర్వా మూరెడు మేర తెలుపు పూసి వంటింట్లోకి తప్పుకునేది. "పోయింది. ఏమయ్యా, రా!" అని కేకేసేది ఏత్వారి. ఝమన్ వసారాలోంచి దూసుకొచ్చి గీసి, మళ్ళీ బయటికి పోయేవాడు. "పోయాడు. జిర్వా, రావే!"

మొదటి గీతకి ఝమన్ దువ్వెనని మేడి పట్టినట్టు పిడికిట్లో పట్టాడు. నాలుగు పళ్ళ దువ్వెన ముక్క, బొటనవేలంత ఉంది. గోడకి ఆనించి కిందికి లాగాడు. చల్లగా, మెత్తగా తెలుపు జరిగి, వెనకాల నల్లటి చాళ్ళు నాలుగు లేచాయి. అతను ఆగిపోయి చూశాడు. ఆ నల్లమట్టిని ఏటేటా వాగు గట్టున తవ్వి, జల్లించి, కావడిలో మోసుకొచ్చేది అతనే. తెచ్చి వాకిట్లో దించడంతోనే తన పని అయిపోయిందనుకునేవాడు. అది ఇలా బయటపడుతుందని చూశాడే గానీ, ఆ బయటపడటం వేళ్ళకెలా తెలుస్తుందో అతనికి తెలియదు. తొలకరికి మొదటి చాలు విచ్చుకున్నట్టుంది.

"నిలబడతావేం? ఆరిపోతుంది!"

రెండు మూరలయ్యేసరికి చెయ్యి కుదురుకుంది. తీగలు బాగా వచ్చాయి. చేపలూ పరవాలేదు. నెమలి దగ్గర తేడా వచ్చింది.

"అది నెమలేనా?" అంది ఏత్వారి తల పక్కకి వాల్చి.

"నెమలే."

"మరి వీపు మీద ఆ మూపురం ఏంటయ్యా?"

ఝమన్ రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. "పుట్టినప్పట్నుంచీ ఎద్దుల్నే చూశాను. చెయ్యి అటే పోయింది."

వంటింట్లోంచి గొంతు వినబడింది. "ఏమే మేకా, మీ వాళ్ళు ఈ ఏడు నెమళ్ళకి కాడి కట్టి దున్నుతారటా?"

ఏత్వారి నవ్వు ఆపుకోలేక పిండికట్టు చెయ్యి పట్టుకుని మంచం మీద ఒరిగిపోయింది. తలుపు వెనక పసుపు మొహంతో దాక్కుని చూస్తున్న రుక్ని కూడా పకపకా నవ్వి దొరికిపోయింది. ఝమన్ దూలం కేసి చూసి ఏదో అనబోయి, తనకీ నవ్వొచ్చి, బయటికి నడిచాడు.

మధ్యాహ్నానికి మూడు గోడలయ్యాయి. నాలుగోది పడమటి గోడ, పెద్దది. దాని మీద నేల నుంచి కప్పు దాకా ఒకే ఒక చెట్టు రావాలి. మొదలు నుంచి చివరి కొమ్మ దాకా చెయ్యి ఎత్తకుండా లాగాలి. అలా లాగితే దంపతుల బతుకు తెగకుండా సాగుతుందని నమ్మకం. కాబట్టి గోడంతా ఒక్కసారే పూయాలి. జిర్వా కొయ్య రోలు బోర్లించి దాని మీదెక్కి పై నుంచి పూసుకుంటూ వస్తోంది. సరిగ్గా అప్పుడే వడగాలి దిక్కు మార్చుకుని వసారా వైపు నుంచి గదిలోకి కొట్టింది. ఆవిడ కుడి మూల ఇంకా పూస్తుండగానే ఎడమ పక్క అంచులు మాసినట్టు పాలిపోవడం మొదలెట్టాయి.

"ఆరిపోతోంది! ఏమయ్యా, ఆరిపోతోంది!" అని ఏత్వారి గేటు సంగతే మరిచిపోయి అరిచింది.

ఝమన్ లోపలికి వచ్చేశాడు. జిర్వా రోలు మీంచి దిగి, తెల్లమట్టి చేత్తోనే కొంగు మొహం మీదికి లాక్కుని, మూలకి అతుక్కుపోయింది. అతనికి ఆ కొంగు కనబడింది. ఒక్క క్షణం ఆగి, తల దించుకుని, గిర్రున వెనక్కి తిరిగాడు.

"బావా, వెళ్ళకు! కింద నుంచి పైకి లాగు. చెయ్యి ఎత్తకు!"

ఆ మాట ఎవరన్నారో గదిలో ముగ్గురికీ తెలుసు. తెలిసినా ఒకరు నమ్మడానికి ఇంకొకరి మొహం కేసి చూడాల్సి వచ్చింది. బయట మేక కూడా ఆ వేళ అరవలేదు. ఝమన్ మళ్ళీ గోడ వైపు తిరిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి దువ్వెన ఆనించి, ఊపిరి బిగబట్టి లాగాడు.

మోకాలెత్తు దాకా తేలిగ్గా వచ్చింది. అక్కడ పూత బిగిసింది. ఆగితే తెగుతుంది. అప్పుడు కొంగులోంచి ఒక చెయ్యి తడిపేలికతో ముందుకొచ్చి, దువ్వెనకి జానెడు దూరంలో గోడని తడిపింది. దువ్వెన కదిలింది. పేలిక ఇంకో జానెడు ముందుకి జరిగింది. అలా ఆ చెయ్యి ముందు, ఈ చెయ్యి వెనక. నీడ పడేంత వెలుగు ఆ గదిలో లేదు కాబట్టి ఆ పట్టింపు తప్పింది. మొదలు ఎక్కింది, కొమ్మ వంగింది, కప్పు కిందికి చేరింది. ఝమన్ మునికాళ్ళ మీద నిలబడ్డాడు. ఇంకా నాలుగు వేళ్ళ మేర మిగిలింది. జిర్వా తడిపేలికని పైకి విదిలించి ఆ మేర తడిపి, కాలితో రోలుని అతని వైపు తోసింది. దువ్వెన గోడ మీంచి ఎత్తకుండానే అతను రోలెక్కి ఆఖరి కొమ్మ ముగించాడు.

అతను దిగి పక్కకి జరిగాడు. జిర్వా మూలలో చతికిలబడి, కొంగులో మొహం పెట్టుకుని వెక్కుతోంది. "ఎంత మాట అనేశానక్కా! అత్తయ్య ఉంటే నాలిక కోసేది."

"అత్తయ్య ఉంటే ముందు చెట్టు చూసేది" అంది ఏత్వారి.

ఝమన్ గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరక్కుండా, పక్కనున్న గోడ మీద అరచెయ్యి పెట్టి, దానితోనే అన్నాడు. "గోడా, నా మరదలికో మాట చెప్పు. ఇరవై ఆరేళ్ళు ఒకే వాకిట్లో ఉండి, ఆవిడ పూత ఇంత నున్నగా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది."

కొంగులో వెక్కిళ్ళు ఆగాయి. జిర్వా లేచి, స్నానానికి బావి వైపు వెళుతూ, దారిలో కట్టేసున్న మేక దగ్గర నిలబడింది. "మేకా, బావగారితో చెప్పవే. ఆయన తెచ్చే మట్టిలో ఒక్క రాయి కూడా ఉండదని నాకు మొదట్నుంచీ తెలుసు. నా వేళ్ళు ఒక్కసారీ గీసుకుపోలేదు."

ఝమన్ వసారాలో స్తంభానికి ఆనుకుని ఆ మాట విన్నాడు.

మర్నాడు పొద్దున ఖోవర్‌కి సిందూరం పెట్టడానికి ఫగునీ అవ్వ వచ్చింది. ఊళ్ళో అందరి కంటే పెద్దది, ఆవిడ వేలు పడితేనే గది గది అవుతుంది. వెంట అయిదారుగురు ఆడవాళ్ళు వచ్చారు. అవ్వకి చూపు సగం పోయింది. గోడ మీద వేళ్ళు పెట్టి తడుముకుంటూ తిరిగింది. చెట్టు దగ్గర కింద నుంచి పైకి, అందినంత మేర తడిమింది.

"ఎక్కడా తెగలేదు. ఎవరి చెయ్యి?"

"నాదే అవ్వా. ఎడమ చెయ్యి" అంది ఏత్వారి కళ్ళార్పకుండా.

అవ్వ నెమలి దగ్గరికెళ్ళి మూపురం తడిమింది. పెదాలు బిగించింది. తర్వాత వసారా వైపు తల తిప్పి, "నీ ఎడమ చేతికి మీసాలున్నాయేంటే కోడలా? ఇందాక గుమ్మంలో ఎదురొచ్చింది. మీసం నిండా తెల్లమట్టే" అంది.

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నవ్వు సద్దుమణిగాక ఒకావిడ గొణిగింది. "నవ్వులాట కాదు. మగ చెయ్యి పడిన ఖోవర్ ఎక్కడైనా విన్నామా? పిల్లకి మంచిదేనా?"

ఏత్వారికి రోషం వచ్చింది. మంచం మీంచి లేచి నిలబడింది. "ఖోహ్ అంటే గుహ, వర్ అంటే పెళ్ళికొడుకు. ఆ పేరులోనే మగాడున్నాడు. లోపల పడుకోవడానికి పనికొచ్చినవాడు గోడ మీద గీయడానికి పనికిరాడా? ముప్పై ఏళ్ళు మట్టి మోశాడు. ఆ మట్టి మైలపడలేదు గానీ, ఇప్పుడు గీత మైలపడిందా?"

అందరూ అవ్వ కేసి చూశారు. అవ్వ సిందూరం గిన్నెలో వేలు ఆడిస్తూ ఆలోచించింది.

"ఆడవాళ్ళ చెయ్యే పడాలని మా అత్త చెప్పింది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు" అంది చివరికి. "అయితే ఒకటి. గీసిన చెయ్యే పాట ఎత్తాలి. అది తప్పదు. పిలవండి వాణ్ణి."

ఝమన్‌ని ఇద్దరు పెద్దమ్మలు రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు. ఖోవర్ ముగిశాక తల్లి పాడే పాట అది. ఇన్నాళ్ళూ నా పొయ్యి దగ్గర వెచ్చగా ఉన్నావు, ఇప్పుడు ఏ పొయ్యి వెలిగించబోతున్నావని పిల్లనడిగే పాట. ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు, మగాళ్ళెవరూ నోట పలకరు. ఝమన్ గోడ మీది ఏనుగు కేసి చూస్తూ మొదలెట్టాడు. గొంతు ఎడ్లని అదిలించే గొంతు. ఆడవాళ్ళు నోళ్ళకి కొంగులడ్డం పెట్టుకున్నారు. మొదటి వరుస అయింది. రెండో వరుసలో కూతురి పేరు పెట్టి పాడాలి. "రుక్నీ" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. మళ్ళీ "రుక్నీ" అన్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నవ్వుతున్న మొహాలన్నీ మారిపోయాయి. రుక్ని తలుపు పట్టుకుని ఏడుస్తోంది. అప్పుడు మూలలో కొంగు చాటు నుంచి జిర్వా మూడో వరుస అందుకుంది. ఏత్వారి కలిపింది. తర్వాత గదంతా కలిపింది. అవ్వ పాటకి తల ఊపుతూ, తడుముకుంటూ పోయి చెట్టు మొదట్లో అయిదు బొట్లు పెట్టింది. ఇంకో బొట్టు, ఎవరూ అడక్కుండానే, నెమలి మూపురం మీద పెట్టింది.

పెళ్ళి బాగా జరిగింది. మగపెళ్ళివారిని ఆటపట్టించే పాటల్లో ఊరి ఆడవాళ్ళు అప్పటికప్పుడు కొత్త చరణం కట్టారు. మా మహతోగారి నెమళ్ళు పొలం దున్నుతాయి, మీ ఇంటి ఎద్దులు పురి విప్పుతాయా అని. పెళ్ళికొడుకు మేనమామ తిరిగి సమాధానం చెప్పలేక నీళ్ళు నమిలాడు. ఝమన్ పందిట్లో మంచినీళ్ళు అందిస్తూ, విననట్టే తిరిగాడు గానీ, మీసం కింద నవ్వు దాగలేదు. అప్పగింతల వేళ రుక్ని కాళ్ళకి మొక్కి లేస్తూ, "బాపూ, నా గదిలాంటి గది అక్కలకి కూడా లేదు" అంది. అతను ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, తీయడం మరిచిపోయాడు. బండివాడే గుర్తుచేశాడు.

జ్యేష్ఠంలో ఏత్వారి పిండికట్టు తీశారు. మణికట్టు బిగుసుకుపోయి ఉంది. రోహిన్ పండుగ నాటికి రుక్ని, అల్లుడు వచ్చారు. ఆ రోజు పొద్దున్నే ఇంటి చుట్టూ పేడతో గీత గీసి, తర్వాత చేలో తొలి విత్తనం చల్లుతారు. ఏత్వారి పేడ గంప పట్టుకుని కొత్తగా కట్టు విప్పిన చేత్తో తూర్పు గోడ, దక్షిణపు గోడ పూర్తి చేసింది. పడమటి మూలకొచ్చేసరికి చెయ్యి నొప్పెట్టి, రాయి మీద కూర్చుండిపోయింది. పొరుగింటి మగాళ్ళు ముగ్గురు విత్తనాల బుట్టలతో అటే వెళుతున్నారు. ఝమన్ వాళ్ళని చూశాడు. చూసి, భుజం మీది తువ్వాలు నడుముకి చుట్టుకుని, పేడగంప తనవైపు లాక్కుని వంగాడు.

"ఏంటి మహతో, ఇంట్లో ఆడవాళ్ళు లేరనా?" అన్నాడొకడు.

"మొన్న గోడ గీశాను, ఇవాళ ఇల్లు గీస్తున్నా. మీ ఇంటికి కావాలంటే ముందే కబురెట్టండి. ఆషాఢం దాకా ఖాళీ లేదు."

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. కొండ మీద మబ్బు ముసురుతోంది. లోపల రుక్ని, జిర్వా ఏదో చెప్పుకుంటూ బెల్లపు గుల్‌గులాలు వేయిస్తున్నారు, నూనె వాసన వాకిలంతా కమ్ముకుంది. ఏత్వారి రాయి మీంచి కదలకుండా, మణికట్టు నిమురుకుంటూ, "మూల దగ్గర తెగింది చూడు" అంది. ఝమన్ వెనక్కొచ్చి ఆ కాస్తా కలిపాడు.